రాగి నూలు చుట్టినామె

గుడియాత్తం బస్టాండులో దిగంగానే గోడ మీద పోస్టరు చూసినా. మా పక్క మనిషి పోతే చాలు, పాడె కట్టే లోపలే కన్నీరంజలి పోస్టర్లు గోడలెక్కేస్తాయి. ఇది పెద్ద పోస్టరు. నడిమధ్యలో మాస్టరు ఫోటో, మెడలో గిటారు, భుజాన పట్టు శాలువా. ఒక మూల, ఆధార్ కార్డులోంచి కత్తిరించినట్టు చిన్నగా ఆమె ఫోటో. పోయింది ఆమె. మాస్టరు గుండ్రాయి మాదిరి ఉండాడు. కింద అరవంలో, గిటార్లు చెయ్యడంలో పేరుమోసిన మాస్టరుగారి ధర్మపత్ని ఇక లేరు అని వేసిండారు. ఆమె పేరు ఉండాల్సిన చోట తిరుమతి, అంటే శ్రీమతి, అని పెట్టి, పక్కన మాస్టరు పేరు. అంతే, ఐపాయ. దాని కింద దుఃఖంలో మునిగిన కళాకారులు అని పదకొండు పేర్లు. ఏడో పేరు నాది. నన్ను ఎవురూ అడగలేదు.

ఒళ్ళు మండిపాయ నాకు. పక్కనే టీ అంగట్లో గ్లాసు చేతికి తీసుకున్నా, తాగలేకపోయినా. అంగడాయన పోస్టరు చూసి “ఎవురప్పా పోయింది?” అని అడిగినాడు. బెంచీ మీద ఉండే పెద్దాయన “ఆ గిటార్లు చేస్తాడే, వాళ్ళింటామె” అన్నాడు.

వాళ్ళింటామె. అట్ల చెప్తే సరిపోతాదంట. వేలూరు, ఆంబూరు, చిత్తూరు దాకా పెండ్లి కచేరీల్లో గిటారు పట్టుకోని నిలబడే వాళ్ళలో సగం మంది వాయించేది ఆమె చేతి పని. ఆ సంగతి వాయించే వాళ్ళకు తెలీదు. తెలిసినోడు ఒకడుండాడు, వాడు నోరు మూసుకోని ఉండిపాయ. ఆ ఒకడు నేను.

మాది పరదరామి. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం. తెలుగు అచ్చరాలు మా తాత ఇసకలో రాసి నేర్పించినాడు కాబట్టి ఇది రాయగలుగుతా ఉండా. ఆమెకు గానీ మాస్టరుకు గానీ తెలుగు చదివేకి రాదు, మాట్లాడేది మాత్రం తెలుగే. నేతోళ్ళ కుటుంబం. గుడియాత్తంలో తరతరాలుగా లుంగీలు నేసే ఇండ్లలో వాళ్ళదొకటి. మాస్టరు మగ్గం మీద కూచోలేదు, మగ్గాలు రిపేరు చేసేవాడు. మరమగ్గాలొచ్చి చేతిమగ్గాలు మూలకు పడినంక, ఆ పాత కొయ్యలు కొని వాటితోనే గిటార్లు చెయ్యడం మొదలుపెట్టినాడు. ఆయన చెయ్యి మంచిదే, కాదనను. గిటారు మెడ ఆయన చెక్కితే అరచేతిలో వెన్న మాదిరి కూచుంటాది. ఉన్నమాట చెప్పల్ల.

నేను గిటారు చేయించుకునేకి పోయిన మొదటి రోజు ఆయన ఆడిన ఆట నాకిప్పటికీ కండ్ల ముందర ఉండాది. షెడ్డులో ఐదు పలకలు గోడకానించినాడు. టేకు, వేప, పనస, పూవరసు, ఇంకొకటి ఏదో కేరళ నుంచి తెచ్చిన ఎర్ర కొయ్య. నన్ను కండ్లు మూసుకోమన్నాడు. వేలి కణుపుతో ఒక్కొక్క పలకనూ కొట్టి, “విను. ఏది మాట్లాడతా ఉండాది చెప్పు” అన్నాడు.

నాకు ఐదూ టకటకమనే వినిపించినాయి. అట్ల చెప్తే పరువు పోతాదని “మూడోది మాస్టర్” అన్నా.

“కండ్లు తెరువు. అది పనస. డెబ్బై ఏండ్లు మగ్గంలో దెబ్బలు తిన్న కొయ్య అప్పా. నూలు మోసే నాడె ఇటు పోయి అటు వచ్చి, ఇటు పోయి అటు వచ్చి, శబ్దం దాని నరనరాన ఇంకిపోయిండాది. నీ చెవి మంచి చెవి.”

నా చెవి మంచిదంటే నాకు చేదా. ఆ పలకే ఖాయం చేసుకున్నా. మెడకు టేకు, దాని మీద వేళ్ళు పెట్టే పట్టీకి నల్లగా ఉండే ఈటి కొయ్య. ఇదంతా ఐనంక పికప్పుల సంగతి అడిగినా. తెలీని వాళ్ళకు చెప్తా ఉండా, పికప్ అనేది గిటారు తంతుల కింద ఉండే చిన్న డబ్బీ. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నమైన రాగి తీగ వేలకొద్దీ చుట్లు. తంతి మోగితే దాన్ని కరెంటు చేసి స్పీకరుకు పంపేది అదే. మాస్టరు చెయ్యి విదిలించినాడు.

“అది ఉత్త తీగప్పా. శబ్దమంతా కొయ్యలో ఉండాది. లోపల ఆడమనిషి ఉండాది, ఏదో చుట్టిస్తాది, పో.”

లోపలికి పోయినా. అప్పుడు ఆమెను మొదటిసారి చూసినా.

నడవలో నేల మీద రాట్నం ముందర కూచోనుండాది. మగ్గానికి కండెలు చుట్టే రాట్నమే. కుడి చేత్తో చక్రం తిప్పతా ఉండాది. ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాత పంచె గుడ్డ పీలిక, ఆ పీలికలో నుంచి రాగి తీగ పోతా ఉండాది. కదురుకు కండె ఉండాల్సిన చోట చిన్న బాబిన్. తీగ నాకు కండ్లకు ఆనలేదు. వెలుతురు పడినప్పుడు ఒక గీత కనిపిస్తాది, మళ్ళా పోతాది. ఆమె మోకాలి పక్కన చింతగింజల కుప్ప. నూరు చుట్లకొక గింజ ఇటు నుంచి అటు జరుపుతాది.

“అక్కా, మాస్టరు పంపించినాడు. గిటారుకు పికప్పులు కావాల. రెండా మూడా, ఏది మంచిది?”

ఆమె పలకలేదు. ఎడమ చేతి చిటికెన వేలు పైకెత్తింది. అంటే ఉండమని.

“ఎన్నినాళ్ళు పడతాది అక్కా? మీకు ఇది ఎవురు నేర్పించినారు?”

మళ్ళా చిటికెన వేలు. నేను గమ్మున కూచున్నా. చక్రం తిరగతానే ఉండాది. చివరి గింజ జరిపి, తీగ తుంచి, కొనకు లుంగీ అంచులో వాడే ఎర్ర నూలు పోగు కట్టి, అప్పుడు తల తిప్పింది.

“రెండు చాలు. నాలుగు నాళ్ళు. ఎవురూ నేర్పించలేదు.”

అదీ ఆమె పద్ధతి. లెక్కలో ఉండేటప్పుడు నోరు తెరవదు. మనం అడిగినవన్నీ మనసులో వరసగా పెట్టుకోని, లెక్క ముగిసినంక వరసగా జవాబులిస్తాది. ఒకసారి నేను ఎండ ఎక్కువుండాది అన్నా. టీ తాగి, ఇంకేమో మాట్లాడి, పోయేకి లేసినా. అప్పుడు “అవునప్పా, ఎండే” అనింది.

తర్వాత ఆమె నన్ను అడగడం మొదలుపెట్టింది. మాస్టరు అడగనివన్నీ అడిగింది. యాడ వాయిస్తావు? మండపంలోనా, గుళ్ళోనా, చర్చిలోనా? పక్కన డ్రమ్ములు ఉంటాయా, నాదస్వరం ఉంటాదా? నీది బరువు చెయ్యా, తేలిక చెయ్యా? నా చెయ్యి చాపమని వేళ్ళ కొసలు నొక్కి చూసింది.

“పెండ్లి మండపంలో వాయించేవానికి చుట్లు ఎక్కువ వొద్దు నాయనా. ఎక్కువ చుడితే గట్టిగా మోగతాది గానీ గొంతు మూసుకుంటాది. డ్రమ్ముల మధ్యలో నువ్వు కనపడవు. ఏడు వేలకు రెండు గింజలు తక్కువ పెడతా. నీది బరువు చెయ్యి, సరిపోతాది.”

“మరి కొయ్య అక్కా? శబ్దం కొయ్యలో ఉండాదంటాడు గదా మాస్టరు.”

“కొయ్యా కావాల, వొద్దనేకి లేదు. ఎంతసేపు మోగాలనేది కొయ్య చూసుకుంటాది. గొంతు మాత్రం దీనిది” అని చేతిలో బాబిన్ చూపించింది.

మాస్టరు ఇంటికి నేను పదేండ్లు పోయినా. ఆ గిటారు ఒక్కదానికే కాదు, కచేరీలోళ్ళ గిటార్లన్నీ రిపేరుకు తీస్కపోయేది నేనే. మొదట్లో పోయినప్పుడల్లా షెడ్డులో ఐదు నిమిషాలు, నడవలో గంట. ఆమె ఈ పని ఎట్ల పట్టుకునిందో ఆ గంటల్లోనే తెలిసింది.

ఎవరిదో ఫారిన్ గిటారు కాలిపోయి రిపేరుకొచ్చినప్పుడు మాస్టరుకు ఏం చెయ్యాలో తోచలేదంట. బాబిన్లు రెండూ ఆమె ఒళ్ళో వేసి, “నూలే గదా, రాగి నూలు. చుట్టు” అన్నాడంట. ఆమె చుట్టలేదు. ముందు విప్పింది. చింతగింజలు పెట్టుకోని, ఒక్కొక్క చుట్టూ ఎంచుకుంటా, రెండు బాబిన్లూ పూర్తిగా విప్పింది. విప్పతా ఉంటే ఒకటి కుడికి వస్తాది, ఇంకొకటి ఎడమకు వస్తాది. తప్పుగా చుట్టినాడేమో అనుకునిందంట ముందు. తర్వాత ఆలోచన చేసింది. ఊరికే ఎవుడూ ఇట్ల చెయ్యడు, ఏదో కారణం ఉండాల అని. రెండూ ఒకే పక్కకు చుట్టి ఒకసారి పెట్టించింది, గుయ్యిమని రొద. ఒకటి ఎదురు చుట్టి పెట్టించింది, రొద లేదు. ఒకదాని రొదను ఇంకొకటి మింగేస్తాది. చదివి తెలుసుకునేదాన్ని ఆమె విప్పి తెలుసుకునింది.

ఇప్పుడు ఇంకొక చిక్కు. వాళ్ళింట్లో రాట్నం ఎదురు తిప్పకూడదు. అత్త ఒప్పుకోదు. చుట్టిన నూలు విడిపోయినట్టు ఇల్లు విడిపోతాదని అత్త భయం. అత్త నడవలోనే మంచం మీద కూచోనుంటాది, చక్రం ఒక్క చుట్టు వెనక్కి పోతే “వేండాం, వేండాం, వొద్దు” అని అరుస్తాది. మరి రెండో బాబిన్ ఎట్ల?

“నేనేం చేసినా తెలుసా?” అని ఆమె నాకు చూపించింది. బాబిన్‌ను కదురులోంచి తీసి, తలకిందులు చేసి మళ్ళా తగిలించింది. “చక్రం నేరుగానే తిరగతాది. చుట్లు మాత్రం ఎదురు పడతాయి. అత్తకు చక్రం కావాల, నాకు చుట్టు కావాల. ఇద్దరికీ సరి.”

“మాస్టరుకు తెలుసా ఇది?”

“ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.”

ఇంజినీరింగు చదివినోళ్ళు పది నిమిషాలు బోర్డు మీద గీసి చెప్పే సంగతి. ఆమె అత్త కండ్ల ముందరే, అత్తకు తెలీకుండా, కదురు మీద చేసి చూపించింది. ఆమె ముఖంలో నవ్వు చూసింది నేను ఆ ఒక్కరోజే.

నవ్వు తక్కువ, కోపం ఎక్కువ ఆమెకు. తీగ తెగితే చూడాల. నాలుగు వేల చుట్లకాడ తెగినా సరే, ఆరు వేలకాడ తెగినా సరే, బాబిన్‌ను లాగి వాకిట్లోకి విసిరేసేది. “నూలైతే ముడేస్తా. దీనికి ముడి లేదు” అని మళ్ళా సున్నా నుంచి మొదలుపెట్టేది. అతికించి ఇచ్చేయొచ్చు గదా అక్కా, ఎవురు చూస్తారు అంటే, నా వైపు చూసిన చూపుకు నేను రెండో మాట ఎత్తలేదు. ఇంకొక కోపం ఉండేది. చుట్టడం ముగిసినంక ఆమె కట్టే ఆ ఎర్ర పోగు. లుంగీ నేసేవాళ్ళు తమ బట్ట తమకు తెలిసేకి అంచులో ఒక పోగు వేసుకుంటారు. ఆమె అదే అలవాటు పికప్పుకు చేసింది. గిటారులో బిగించే ముందు మాస్టరు ఆ పోగును బ్లేడుతో కోసి పారేస్తాడు. “పల్లెటూరి మాదిరి ఉంటాది” అంటాడు. ప్రతిసారీ కడతాది, ప్రతిసారీ కోస్తాడు. షెడ్డు గడప కింద ఎర్ర పోగులు దుమ్ములో పడి ఉంటాయి. ఆమె చిమ్మేటప్పుడు అవే చీపురుకు చుట్టుకుంటాయి.

నాకు నిజం తెలిసింది ఒక ఆదివారం పొద్దున. ఆమె చుట్టిన పాత పికప్ ఒకటి అడిగి తీస్కపోయి, నా దగ్గరుండే నాసిరకం గిటారుకు బిగించినా. కర్రపొట్టు అతికించి చేసిన ఒళ్ళు దానిది. తంతులు తగిలించి ఒక్క దెబ్బ కొట్టినా. అచ్చం మాస్టరు గిటారు గొంతే. కొంచెం తొందరగా ఆగిపోతా ఉండాది, అంతే తేడా. పనస లేదు, డెబ్బై ఏండ్ల మగ్గం లేదు, నరనరాన ఇంకిపోయిందీ లేదు. బస్సెక్కి గుడియాత్తం పోయి ఆమెకు చెప్పినా.

“తెలుసప్పా” అనింది.

ఆ మాట అనినంక ఒకటి అడిగింది. తన కోసరం ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు, అదే చివర.

“కాట్పాడి కాలేజీలో ఈయనకు సన్మానం చేస్తారంట గదా. నువ్వే వాయిస్తావంట. మైకు నీకిస్తారు. ఒక్క మాట చెప్పు నాయనా. పికప్పులు ఈమె చుట్టింది అను. నేను లేసి నిలబడతా. అంతే చాలు. నేను చెప్తే మొగుడూ పెండ్లాల తగాదా అంటారు. వాయించేటోడు చెప్తే వింటారు.”

“చెప్తా అక్కా” అన్నా. నా నోటితో నేనే అన్నా.

ఆ లోపల ఇంట్లో ఒక గొడవ జరిగింది. సన్మానంలో చూపించే గిటారుకు ఎర్ర పోగు కోయొద్దని ఆమె పట్టుబట్టింది. మాస్టరుకు రోషం వచ్చి, చెన్నై నుంచి మోటారు పెట్టిన చుట్టే మిషను తెప్పించి, తానే చుట్టుకున్నాడు. అదే లెక్క పెడతాది, అదే ఆగతాది. ఆమె గడపలో కూచోని చూస్తా ఉండింది. రెండు బాబిన్లూ ఒకే మాదిరి తగిలించి ఒకే పక్కకు చుట్టినాడు. ఆమె చూసింది, గమ్మునుండింది. ఇది నాకు ఆమే చెప్పింది, సన్మానానికి రెండు నాళ్ళ ముందర.

కాలేజీ హాలు నిండిపోయింది ఆ పొద్దు. మాస్టరుకు పొన్నాడై, అదే పట్టు శాలువా, కప్పినారు, పొగిడినారు. నేను స్టేజీ మీద ఆ గిటారు పట్టుకోని వాయించినా. ముందర ఒక్క పికప్ మీద, బాగానే ఉండింది. రెండూ కలిపి స్విచ్చి వేసినా. గుయ్యిమని రొద లేసింది. గొంతు సన్నబడి ముక్కుతో మాట్లాడినట్టు ఐపాయ. ముందు వరసలో పిల్లోళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాస్టరు తొణకలేదు. “హాలులో ఎర్తింగు సరిగా లేదు” అన్నాడు. అందరూ తలలూపినారు.

నాకు తెలుసు. ఎర్తింగు కాదు, బాబిన్ తలకిందులు చెయ్యలేదు. ఆ హాలులో ఆ సంగతి తెలిసిన వాళ్ళం ఇద్దరమే. రెండో మనిషి మూడో వరసలో, కుర్చీ అంచున కూచోనుండాది. పెండ్లినాటి పట్టు చీర కట్టుకోని, గుడియాత్తం నుంచి బస్సులో వచ్చింది. కొంగు చుట్టి చేత్తో పట్టుకోనుండాది, లేసేకి తయారుగా.

మైకు నా చేతికిచ్చి ఒక పిల్ల అడిగింది, “సార్, ఈ గిటార్లలో రహస్యం ఏంది?”

నా గిటారు అప్పటికి మాస్టరు షెడ్డులో సగం తయారై ఉండాది. పనస ఒళ్ళు, టేకు మెడ, పాలిషు పెట్టాల. ఏడాదిన్నర కాచుకోనుండా దానికోసరం. ఒక్క మాటతో ఆయనకు కోపమొస్తే అది ఆడనే పడుంటాది. నేను ఆమె వైపు చూసినా. తర్వాత మాస్టరు వైపు చూసినా.

“కొయ్య అమ్మా. పాత పనస కొయ్య” అన్నా.

చప్పట్లు కొట్టినారు. ఆమె కొంగు వదిలేసి, కుర్చీలో వెనక్కి ఒరిగి కూచునింది.

నన్ను చెప్పుతో కొట్టాల్సింది. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. తిట్టింటే బాగుండు. పది నాళ్ళకు నా గిటారు తీసుకునేకి పోతే, నడవలో నుంచి రెండు పికప్పులు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నీ వేళ్ళకు తగినట్టు చుట్టినా. ఏడు వేలకు రెండు గింజలు తక్కువ.”

“అక్కా, ఆ రోజు...”

చిటికెన వేలు పైకెత్తింది. చేతిలో రాట్నం లేదు, లెక్క లేదు. నేను కాచుకున్నా, ఎప్పటి మాదిరి తర్వాత జవాబు చెప్తాదని. చెప్పలేదు.

ఆ తర్వాత ఎనిమిదేండ్లకు పైగా ఆమె రాగి తీగ ముట్టలేదు. రాట్నాన్ని అటక మీద పెట్టేసి, పక్క వీధిలో ఇంకా మగ్గాలు ఆడే ఇంటికి పోయి వాళ్ళ రాట్నం మీద నూలు కండెలు చుట్టింది, కూలికి. మాస్టరు మిషనుతోనే చుట్టుకున్నాడు. గిటార్లు గొంతు మూసుకున్నాయి, మూగబోయినాయి. జనం ఏమన్నారో తెలుసా? పాత మగ్గాల కొయ్య ఐపోయింది పాపం, కొత్త మానులో ఏముంటాది అన్నారు. తప్పు కూడా కొయ్యదే. ఆమెకు తప్పులో కూడా పాలు లేదు. నా గిటారు విని ఎవురైనా భలే ఉండాదే అంటే, నేనేమన్నానో అదీ చెప్తా. పనస కొయ్య, డెబ్బై ఏండ్ల మగ్గం అన్నా. ఒక్కసారి కాదు, అడిగినప్పుడల్లా అదే అన్నా. మొదట చెప్పిన అబద్ధాన్ని కాపాడుకునేకి అన్నిసార్లు చెప్పాల్సొచ్చింది.

ఇప్పుడు పోయింది. కండెలు చుట్టతా చుట్టతా గుండె పట్టుకునిందంట. చక్రం మీద చెయ్యి అట్లే ఉండాదంట.

బస్టాండు గోడ మీద పోస్టరును సగం చించి చేత పట్టుకోని, అట్లే మాస్టరు ఇంటికి పోయినా. జనం వచ్చి పోయినారు. ఆయన నడవలో ఒంటిగా కూచోనుండాడు. అటక మీద రాట్నం దించి పక్కన పెట్టుకోనుండాడు. పోస్టరు ఆయన ముందర వేసినా. పదేండ్ల కోపం ఒక్కసారిగా కక్కినా.

“ఇదేంది మాస్టర్? ధర్మపత్నా? ఆమె చేసిన పని యాడ? మీ గిటార్ల గొంతు ఆమెది. కొయ్యది కాదు, మీది కాదు. అందరి ముందర అణగదొక్కినారు, ఆ ఎర్ర పోగు కూడా కోసి పారేసినారు. పోయినంక ఐనా ఆమె పేరు వేయించేకి చెయ్యి రాలేదా మీకు? పేరు కూడా లేదే దీంట్లో.”

ఆయన పోస్టరు ముక్క తీస్కోని, మెల్లగా చదివినాడు.

“నేను కొట్టించలేదు. మీ కచేరీలోళ్ళు కొట్టించినారు. నీ పేరుండాదే కింద.”

పోస్టరు ముక్కను నా పక్కకు తోసినాడు.

“నాకు తెలీదనుకున్నావా అప్పా? ఆ పొద్దు హాలులో రొద వచ్చినప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి మిషనుతో చుట్టినవి విప్పి, ఆమె చుట్టిన పాతవి విప్పి చూసుకున్నా. రెండో బాబిన్‌ను తలకిందులు చేసేది. నేను చెప్పలేదు, ఒప్పుకుంటా. నేను మంచోన్ని కాదు. కానీ ఆ పొద్దు మైకు నా చేతిలో లేదు. నీ చేతిలో ఉండె.”

ఆయన లేసి పోయి, షెడ్డులో కొలతలు రాసుకునే నోటు పుస్తకంలోంచి కాగితం చించి, పెన్నూ కాగితం నా ముందర పెట్టినాడు.

“పదహారో దినానికి వేరే పోస్టరు కొట్టిద్దాం. నా ఫోటో వొద్దు. ఏమని వేయాల్నో నువ్వే రాయి. నీకు ఆమె మీద అంత గౌరవం ఉండాది గదా, రాయి.”

రాసినా. వేలూరు మొదలు చిత్తూరు దాకా గిటార్లకు గొంతిచ్చిన మనిషి అని అరవంలో రాసినా. చుట్టడం ఎవురూ నేర్పించకుండా విప్పి నేర్చుకున్న మనిషి అని రాసినా. అచ్చరాలు వంకర పోతా ఉండాయి, కోపానికి. పైన పెద్దగా పేరుకు చోటు వదిలిపెట్టినా.

“పేరు రాయి” అన్నాడు మాస్టరు.

పెన్ను ఆ చోట ఆనించి కూచున్నా. పదేండ్లు ఆ ఇంటికి పోయినా, ఆ నడవలో టీ తాగినా. యాడ వాయిస్తావని ఆమె అడిగింది, బరువు చెయ్యా తేలిక చెయ్యా అని అడిగింది, వేళ్ళ కొసలు నొక్కి చూసింది. నేను ఆమెను అక్కా అని పిల్చినా, పికప్పులు అడిగినా, ఎన్నినాళ్ళు పడతాదని అడిగినా. అంతే అడిగినా.

మాస్టరు చానాసేపు కాచుకున్నాడు. తర్వాత నా చేతిలో పెన్ను తీస్కోని, ఆ చోట ఆయనే రాసినాడు.